సరి అనే గడి

ఆ గడిలో నేను ముప్పై అయిదు సార్లు ‘సరి’ అని రాసి సంతకం పెట్టాను. ఒక్కసారి కూడా అబద్ధం రాయలేదు. ఈ ముక్క మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఇది విన్నవాళ్ళు నన్ను పనిదొంగ అనుకుంటారేమోనని. పనిదొంగనైనా బాగుండేది. పని ఎగ్గొట్టినవాడికి తప్పు ఎక్కడ జరిగిందో కనీసం తనకైనా తెలుస్తుంది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్ని. మా ఊళ్ళో ఎవరు ఎవరికి ఫోన్ చేసినా ఆ పిలుపు మా హాల్లో ఉన్న రెండు పెద్ద యంత్రాల్లో ఒకదాని గుండా పోవాలి. రెండూ అచ్చం ఒకలాంటివే. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కనే నిలబడి, మొదటిదానికి తెలిసిన ప్రతి సంగతినీ తనలో ఎక్కించుకుంటూ ఉంటుంది. మొదటిది చతికిలబడితే, ఫోన్లో మాట మధ్యలో ఉన్నవాళ్ళకు కూడా తెలియకుండా రెండోది అందుకుంటుంది. కాగితాల మీద వాటికి ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి గానీ మేం పెద్దావిడ, చిన్నావిడ అనేవాళ్ళం. ప్రతి బుధవారం పెత్తనం ఒకరి నుంచి ఇంకొకరికి మార్చేవాళ్ళం. ఇద్దరు పెళ్ళాల మొగుడికి కూడా ఇంత ఓపిక అక్కర్లేదని మా సూపర్‌వైజరు పదేళ్ళుగా ఒకటే జోకు వేస్తున్నాడు. ఆయన పై అధికారి కాబట్టి మేం పదేళ్ళుగా నవ్వుతున్నాం.

రోజూ పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కగానే తనిఖీ. మొదట బ్యాటరీ గది. మీటరు యాభైమూడున్నర వోల్టులు చూపాలి. తర్వాత హాల్లో చల్లదనం, ఫ్యాన్లు, దుమ్ము పట్టిన ఫిల్టర్లు, ఎర్రదీపాలు. అదయ్యాక కీబోర్డు ముందు కూర్చుని పెద్దావిడను ఎలా ఉన్నావని అడగాలి. చిన్నావిడను అడగాలి. ఇద్దరి జ్ఞాపకాలనూ పక్కపక్కన పెట్టి పోల్చమనాలి. రెండు నిమిషాలు ఆలోచించి, తేడాలు సున్నా అని తెర మీద చూపిస్తుంది. ఒక్కొక్కటీ తనిఖీ కాగితంలో రాయాలి. ఆ కాగితంలో చిట్టచివరి గడి పేరు ‘సరి’.

ఆ పేరు పెట్టింది మా పాత సూపర్‌వైజరు, అందరూ పంతులుగారనే ఆయన. కాగితాన్ని తెలుగులోకి మార్చింది ఆయనే. ఆయన ఉన్న రోజుల్లో ఆ గడి నింపడానికి పక్క ఊరి ఎక్స్ఛేంజి నుంచి ఒక మనిషి రోజూ పొద్దున్నే మా ఊళ్ళో వెయ్యేసి నంబర్ల ప్రతి వరుసలోనూ ఒక ఫోనుకు ఫోన్ చేసేవాడు. అది మోగి, మనం ఎత్తి, అతని గొంతు వింటేనే ‘సరి’. అంటే సరిగ్గా ఉంది అని. తర్వాత ఆ మనిషి ఉద్యోగం తీసేశారు. గడి మాత్రం మిగిలింది. ఖాళీగా వదిలితే పైవాళ్ళు ఊరుకోరు. పై గడిలో తేడాలు సున్నా అని వస్తోంది కదా, రెండూ సరిసమానమే కదా అని మేం ‘సరి’ రాయడం మొదలుపెట్టాం. సరి అంటే సమానం అనీ అర్థం, ఒప్పు అనీ అర్థం. అందువల్ల రాసే చేతికి ఎక్కడా అడ్డు తగల్లేదు. మేం సమానం అని రాస్తే కొత్త సూపర్‌వైజరు ఒప్పు అని చదువుకున్నాడు. కొన్నాళ్ళకు మేమూ అలాగే చదువుకున్నాం.

ఇక ఇంటి సంగతి. నాన్న పోయినప్పుడు చెల్లి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అది ఒక నాటక కంపెనీలో లైట్లు చూసేది. ఊరూరా తిరిగి గుడారం వేసే కంపెనీ. కబురే ఆలస్యంగా అందిందనీ, అందాక కూడా బస్సు దొరకలేదనీ నాకు తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం నేను గుమ్మంలో నిలబడి, “ఆట ముగిశాక తీరిక దొరికిందా? వచ్చిన దారినే వెళ్ళు” అన్నాను. అది చేతిలో సంచి కింద పెట్టకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అమ్మ లోపల గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోవాలని కూడా నేను ఆరేళ్ళ పాటు అనుకోలేదు. మా ఇంట్లో ముగ్గురికీ కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆరేళ్ళ తర్వాత ఉత్తరం వచ్చింది. ‘అన్నయ్యా, ఈ నెలాఖరుకి మా కంపెనీ మూసేస్తున్నారు. నాకు ఇంటికి రావాలని ఉంది. కానీ చెప్పాపెట్టకుండా వచ్చి మళ్ళీ ఆ గుమ్మంలో నిలబడలేను. నేను రావడం మీకు ఇష్టమైతే నంబరు రాసి పంపు. ఫోన్ చేస్తాను. నీ గొంతో అమ్మ గొంతో వినిపిస్తే బయలుదేరతాను.’

ఆ మాట చాలు. అదే రోజు నంబరు రాసి పంపాను. కింద ఇంకో వాక్యం కూడా నా అంతట నేనే చేర్చాను: ‘ఎప్పుడు చేసినా ఈ నంబరు పలుకుతుంది, నాదీ పూచీ.’ ఎక్స్ఛేంజి మనిషిని కదా, ఆ మాత్రం గర్వం ఉంటుంది.

అమ్మ స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. కుట్టుమిషను అప్పటిదాకా వంటింటి కిటికీ దగ్గర ఉండేది. ఉత్తరం చదివిన పూటే దాన్ని హాల్లోకి, ఫోను పక్కకు జరిపించింది. వెలుతురు చాలదంటే, “నా కళ్ళ సంగతి నాకు తెలుసు, నువ్వు జరుపు” అంది. దుప్పటి ఒకటి ఉతికి, మడతపెట్టి, మంచం మీద ఉంచింది. తర్వాత రోజూ నేను ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న.

“ఫోను బాగానే ఉందంటావా?”

“మోగితే ఎత్తడమే నీ పని అమ్మా. మోగించడం మా పని. ఒకటి కాదు, రెండు మిషన్లున్నాయి. ఒకటి చచ్చినా రెండోది అందుకుంటుంది. పొద్దున్నే నా కళ్ళతో చూసి సంతకం పెట్టి వచ్చాను.”

“అలాగైతే చేస్తుందిలే.”

మొదట్లో రోజూ పదకొండింటికి ఎక్స్ఛేంజి నుంచి ఇంటికి ఫోన్ చేసి చూసేవాణ్ణి. ఒక్క మోత పూర్తి కాకుండానే అమ్మ ఎత్తేది. “అమ్మాయీ?” అనేది. నేనమ్మా అంటే, “నువ్వా” అని పెట్టేసేది. నాలుగు రోజులకు ఆ గొంతు వినలేక చెయ్యడం మానేశాను. ఫోను బాగానే ఉందని ఎలాగూ తేలింది కదా.

నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. చెల్లి ఫోన్ చెయ్యలేదు. ఇంకో ఇరవై రోజులు పోయాయి. అమ్మ అడగడం తగ్గించింది. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

ఆ తర్వాత ఒక రోజు, తనిఖీ కాగితం నింపి పక్కన పెడుతుంటే సర్వీసు లైను మోగింది. పక్క ఊళ్ళో బయటి ఊళ్ళ పిలుపులు కలిపే ట్రంకు ఆపరేటరు, ఒకావిడ. ఎనిమిదేళ్ళుగా గొంతు తెలుసు, మొహం తెలియదు.

“ఏమండీ, మీ స్టాఫ్ క్వార్టర్సు ఖాళీ చేయించేశారా?” అంది.

“ఎవరన్నారు? నేను ఉండేదే అందులో.”

“మా ఆఫీసులో ఒకావిడ అన్నగారు అక్కడే ఉంటారట. ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు వాడుకలో లేదంటోందని గొడవ చేస్తున్నారు.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. తప్పు నంబరు తిప్పి మా మీద పడి ఏడుస్తారన్నాను. రెండు యంత్రాలూ పోల్చి ఇప్పుడే చూశానన్నాను. తేడాలు సున్నా అన్నాను. ఆవిడ మహా నెమ్మదస్తురాలు. “పోనీ మీ ఇంటి నంబరే చెప్పండి, మీ ముందే తిప్పుతాను” అంది. చెప్పాను. తిప్పి, ఆ లైనును నా లైనుతో కలిపింది. చక్కగా, ఎక్కడా తొట్రుపడకుండా ఒక ఆడగొంతు పలికింది: ‘మీరు పిలిచిన నంబరు వాడుకలో లేదు. దయచేసి నంబరు సరిచూసుకోండి.’

సంగతి తేలడానికి పావుగంట పట్టింది. నలభై ఒక్క రోజుల కింద, కొత్త నంబర్లు వేస్తూ హెడ్డాఫీసు వాళ్ళు ఒక పట్టిక పంపారు. అందులో మా క్వార్టర్స్ ఉన్న వెయ్యి నంబర్ల వరుసను ఖాళీ అని కొట్టేశారు. అది కూడా బయటి ఊళ్ళ నుంచి వచ్చే పిలుపులకు మాత్రమే. ఊళ్ళో వాళ్ళు చేస్తే మోగుతుంది. మేం బయటికి చేసినా పోతుంది, అందుకే మా ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దావిడ ఆ పట్టికను మింగింది. అయిదు నిమిషాల్లో చిన్నావిడ దాన్ని అక్షరం పొల్లు పోకుండా ఎక్కించుకుంది. ఒకరికి వచ్చిన జబ్బే రెండో వాళ్ళకూ. దొందూ దొందే అయితే తేడా ఎక్కడ కనిపిస్తుంది? నేను పొద్దున్నే వెళ్ళి ఆ ఇద్దరినీ పోల్చి, తేడాలు సున్నా అని మురిసి, సరి అని రాశాను. వారం వారం సెలవులు తీసేస్తే ముప్పై అయిదు సార్లు.

విఫలమైన పిలుపుల చిట్టా నలభై అయిదు రోజుల దాకా యంత్రంలో ఉంటుంది. మా ఇంటి నంబరు కొట్టి, ఉన్నవన్నీ అచ్చు వెయ్యమన్నాను. ప్రింటరు గీసుకుంటూ తొమ్మిది వరుసలు వేసి ఆగింది.

తొమ్మిదీ ఒకే నంబరు నుంచి. తొమ్మిదీ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో, అంటే నాటకం మొదలయ్యే ముందు. మొదటిది పద్దెనిమిది సెకన్లు. మరుసటి రోజు రెండుసార్లు, వెంటవెంటనే. నంబరు తప్పు తిప్పానేమోనని మళ్ళీ తిప్పి ఉంటుంది. తర్వాత రెండు రోజులకొకటి. ఆఖరిది రెండు నిమిషాల పది సెకన్లు. ఆ గొంతు అదే మాట తిప్పి తిప్పి చెబుతుంటే చెల్లి వింటూ నిలబడింది. చివరికి యంత్రమే విసిగి కోసేసింది. ఆ సమయానికి మా ఇంట్లో అమ్మ ఫోనుకు జానెడు దూరంలో కూర్చుని కాజాలు కుడుతోంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను ఫ్యాన్ల హోరులో గట్టిగా ఏడ్చాను. హాల్లో ఎవరూ లేరు, ఆ ఇద్దరు తప్ప.

ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒక కిరాణా కొట్టు. నాటకం వాళ్ళ గుడారం లేచిపోయి మూడు వారాలయిందన్నాడు కొట్టాయన. లైట్లు చూసే అమ్మాయి గుర్తుందా అంటే, గుర్తుందన్నాడు.

“రోజు విడిచి రోజు వచ్చేదండీ. ఆఖరి రోజు నవ్వింది. మా అన్నయ్య నంబరు ఇమ్మంటే ఇచ్చాడు గానీ, ఉన్న నంబరు ఇవ్వలేదండీ అంది.”

“ఎక్కడికి వెళ్ళిందో చెప్పిందా?”

“ఎవరికి చెబుతుందండీ, నాకా?”

తప్పును దిద్దడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సూపర్‌వైజరు వచ్చి, తనిఖీ కాగితాలన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే తిరగేశాడు. ఆయన మొహం తేటపడింది.

“నువ్వేం భయపడకయ్యా. మన కాగితాలు అద్దంలా ఉన్నాయి. తప్పు హెడ్డాఫీసుది. మన మీదికి రాదు” అన్నాడు.

“మా చెల్లి ఫోన్ చేసింది సార్. తొమ్మిదిసార్లు.”

“ఇప్పుడు దిద్దేశాం కదా, మళ్ళీ చేస్తుందిలే” అన్నాడు ఆయన. చెడ్డవాడు కాదు. మా చెల్లిని ఎరగడు, అంతే.

ఇంటికి నడిచి వెళ్ళాను. అమ్మతో ఏం చెప్పాలో దారి పొడుగునా కూడగట్టుకున్నాను. నలభై రోజులుగా ఆమెకు నేను చెప్పిన ప్రతి మాటా నా నోట్లో తిరుగుతోంది. రెండు మిషన్లున్నాయి, నా కళ్ళతో చూశాను, సంతకం పెట్టాను. ఆరేళ్ళ కింద నోటితో గెంటాను, ఇప్పుడు సంతకంతో గెంటాను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? తలుపు తీసేసరికి అమ్మ మిషను ఆపి నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత మళ్ళీ అడిగింది.

“ఒరేయ్, నిజం చెప్పు. ఫోను పనిచేస్తోందా?”

“పనిచేస్తోందమ్మా,” అన్నాను.

“ఇన్నాళ్ళూ పనిచేసిందా?”

“చేసింది.”

నేను భయపడ్డాను. అంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నలభై అయిదేళ్ళవాణ్ణి, అమ్మ ఏమంటుందోనని భయపడి అబద్ధం చెప్పాను. ఆ ముప్పై అయిదు సార్లూ చెప్పని అబద్ధం ముప్పై ఆరోసారి చెప్పాను.

అమ్మ సూదిలోకి దారం ఎక్కించింది. “అయితే దానికే రావాలని లేదన్నమాట,” అంది. “రమ్మని నంబరు రాసి పంపితే ఒక్క ఫోన్ చెయ్యడానికి చేతులు రాలేదు. మనల్ని ఉడికించడానికి రాసింది ఆ ఉత్తరం.” లేచి వెళ్ళి మంచం మీది దుప్పటి తీసి బీరువాలో పడేసింది. మర్నాడు నేనే కుట్టుమిషను మళ్ళీ వంటింట్లోకి జరిపాను.

ఆ తర్వాత నాలుగు నెలలు అమ్మ గట్టిపడటం చూశాను. మొదట్లో చెల్లి మీద కసురుకునేది. తర్వాత దాని మాటే ఎత్తడం మానేసింది. పక్కింటావిడ పిల్లలెందరు అని అడిగితే, “వీడొక్కడే” అంది, నా ఎదురుగానే. ఆ పూట చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదామనుకున్నాను. ముందు చెల్లి జాడ పట్టుకుని, దాన్ని తీసుకొచ్చి ఎదుట నిలబెట్టి, అప్పుడు చెబితే తప్పు సగం మాసిపోతుందని ఆశ. నాటక కంపెనీ పాత చిరునామాలకు పది ఉత్తరాలు రాశాను. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. ఎక్స్ఛేంజిలో మాత్రం రోజూ పొద్దున ట్రంకు ఆపరేటరును బతిమాలి ప్రతి వరుసలోనూ ఒక నంబరు తిప్పించి, గొంతు విన్నాకే ఆ గడి నింపేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతుంటే, అమ్మ గుండీ కుడుతూ తల ఎత్తకుండానే అంది.

“పొద్దున అది ఫోన్ చేసింది.”

“ఎవరు?”

“ఎవరేమిటి, అదే.”

నా చెప్పు చేతిలోనే ఉండిపోయింది. “ఏమంది?”

“‘అమ్మా, నువ్వేనా’ అంది. ‘నంబరు కలిసింది’ అంది. పెట్టేశాను.”

“పెట్టేశావా?”

“ఆర్నెల్లు కాచుకుని కూర్చుంటే గుర్తు రాలేదు దానికి. ఇప్పుడు ఏదో అవసరం పడి ఉంటుంది. ఇంకో ఇల్లు చూసుకోమను.”

విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని పరిగెత్తాను. చిట్టాలో ఉంది. ఉదయం తొమ్మిదీ ఇరవై. పిలుపు కలిసింది, అవతల ఎత్తారు, పదకొండు సెకన్లు, లోపం ఏమీ లేదు. ఎక్కడో దూరపు పట్నంలో బస్టాండులోని పబ్లిక్ ఫోను. ఆ నంబరుకు చేస్తే చాలాసేపు మోగింది. ఎవరో దారినపోయే పెద్దాయన ఎత్తాడు. ఒక ఆడమనిషి, ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి, అక్కడెక్కడైనా కూర్చుని ఉందేమో చూడమన్నాను. “నాయనా, ఇక్కడ నిమిషానికో బస్సు కదులుతుంది. ఎంతమందిని చూడమంటావు?” అన్నాడు. అయినా రిసీవరు పక్కన పెట్టి వెళ్ళి చూసి వచ్చాడు. లేదన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పట్టిక, వెయ్యి నంబర్లు, నా సంతకాలు, కొట్టాయన మాటలు. చొక్కా జేబులో నాలుగు నెలలుగా మడిచి పెట్టుకున్న ఆ తొమ్మిది వరుసల కాగితం చేతికిచ్చాను. అమ్మకు అందులో ఏమీ అర్థం కాదు. అయినా ఒక్కో వరుస మీదా వేలు పెట్టి కిందిదాకా లెక్కపెట్టింది.

“మధ్యలో ఈ నాలుగు నెలలూ నీకు తెలుసా?” అంది.

“తెలుసు.”

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. అమ్మ కాగితం మడతలు సరిచేసి నాకు తిరిగి ఇచ్చేసింది. రిసీవరు పెట్టేసిన చేత్తోనే.

“ఆ రోజే చెప్పి ఉంటే ఏమయ్యేదిరా,” అంది. “తిట్టేదాన్ని. అంతే కదా. తిట్టి ఊరుకునేదాన్ని.”